మీరడిగారు, మేం చెప్తాం: చిన్న ఆర్ట్ గ్యాలరీకి ఏడాదంతా ఏం పెట్టాలి, డబ్బెక్కణ్ణుంచి రావాలి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పని మీద ఉన్నవాళ్ల దగ్గర్నుంచే వచ్చాయి. సొంతంగా కమిటీ వేసుకుని వాలంటీర్లతో చిన్న ఆర్ట్ గ్యాలరీ నడుపుతున్నవాళ్లు కొందరు, అలాంటి గ్యాలరీల్లో బొమ్మలు పెట్టే ఆర్టిస్టులు కొందరు. అందుకని ఈ నెల పేజీలన్నీ వాళ్లకే ఇచ్చేశాం.

ప్రశ్న: మా గ్యాలరీలో జీతం తీసుకునే మనిషి ఒక్కరే, మిగతా అందరం వాలంటీర్లం. వచ్చే ఏడాది నెలకొకటి చొప్పున 12 ఎగ్జిబిషన్లు పెడదామని కమిటీలో సగం మంది అంటున్నారు, మన వల్ల కాదని మిగతా సగం. ఎన్ని పెట్టుకుంటే బాగుంటుందంటారు?
– ఒక గ్యాలరీ సెక్రటరీ

జవాబు: 12 వద్దండీ, దయచేసి. ఆరు చాలు.

ఎందుకంటున్నానో లెక్కేసి చూడండి. ఒక్కో ఎగ్జిబిషన్ ఆరు వారాలు ఉంచారనుకోండి, ఆరింటికి 36 వారాలు. ఒకటి దించి ఇంకోటి ఎక్కించడానికి మధ్యలో రెండేసి వారాలు, అంటే 12. మొత్తం 48, ఏడాదిలో ఇంకో నాలుగు వారాలు మిగులుతాయి, గోడలకి రంగులేసుకోవడానికీ, లైట్లు రిపేరు చేయించుకోవడానికీ, వాలంటీర్లు ఊపిరి పీల్చుకోవడానికీ. రెండు వారాల గ్యాప్ ఎందుకు అని ఎవరో ఒకరు అడుగుతారు కమిటీలో, వాళ్లని ఒక్కసారి ఆ రోజుల్లో వచ్చి నిలబడమనండి. పాతవి దించాలి, ప్యాక్ చెయ్యాలి, ఎవరివి వాళ్లకి అప్పగించి సంతకాలు తీసుకోవాలి, మేకుల కన్నాలు పూడ్చాలి, గోడ మళ్లీ పెయింట్ చెయ్యాలి, కొత్తవి విప్పి ఏ ఫ్రేముకి ఎక్కడ గీత పడిందో రాసుకోవాలి, తర్వాతే వేలాడదీయడం, లేబుళ్లు, లైట్లు. ఇదంతా మూడు రోజుల్లో చెయ్యబోతే ఎక్కడో అక్కడ ఎవరిదో ఒక ఫ్రేము పగులుతుంది, ఆ ఆర్టిస్టు మళ్లీ మీ గడప తొక్కరు.

ఇంకో కారణం కూడా ఉంది, నాకు అదే పెద్దది. మొదటి వారం వచ్చేది ఎక్కువగా ఆర్టిస్టు చుట్టాలూ స్నేహితులే. ఆ నోటా ఈ నోటా మాట పాకి, ఎవరూ పిలవకుండా తమంతట తాము వచ్చేవాళ్లు రెండో వారం తర్వాతే మొదలవుతారు. నెల తిరక్కుండానే దించేస్తే సరిగ్గా ఆ మనుషులే మీకు దక్కకుండా పోతారు, గ్యాలరీ పెట్టుకున్నది వాళ్ల కోసమే కదా.

ఇక ఆరు ఏవి అంటే, సభ్యులందరూ తలా ఒకటి పెట్టుకునే షో ఒకటి, ఎవరైనా బొమ్మలు పంపొచ్చని ప్రకటన ఇచ్చి, వచ్చినవాటిలోంచి ఎంపిక చేసే ఓపెన్ కాల్ ఒకటి, పిల్లలది ఒకటి, ఇంతవరకూ ఎక్కడా సోలో షో పడని ఆర్టిస్టుది ఒకటి. మిగతా రెండూ మీ చుట్టుపక్కల ఏముందో దాన్నిబట్టి, నేతో కుండలో ఫోటోలో, లేదంటే జనం ఇళ్లల్లో ఉన్న పాత బొమ్మలు అడిగి తెచ్చి పెట్టేదో. ఇలా అడిగి తెచ్చేవాటికి మాత్రం రాతకోతలు తప్పనిసరి, తెచ్చినప్పుడూ తిరిగిచ్చినప్పుడూ ముందూ వెనకా ఫోటోలు తియ్యాలి, ఇన్సూరెన్సు కూడా వాళ్లింటి గోడ మీంచి దించిన క్షణం నుంచి మళ్లీ ఆ గోడకి ఎక్కేదాకా ఉండాలి. మీ హాల్లో ఉన్నన్ని రోజులకే తీసుకుంటే చాలదు, దెబ్బలు తగిలేది ఎక్కువగా దార్లోనే.

క్యాలెండర్ వెనక్కి వేసుకుంటూ రండి. ఓపెన్ కాల్ షో మొదలయ్యే తేదీకి కనీసం ఆరు నెలల ముందు ప్రకటన వెళ్లాలి, ఎవరివి తీసుకున్నారో మూడు నెలల ముందు చెప్పెయ్యాలి. ఫ్రేము కట్టించుకోడానికి టైమూ డబ్బూ రెండూ కావాలి, చివరి నిమిషంలో చెప్తే డబ్బున్న వాళ్లే పెట్టగలుగుతారు.

ప్రశ్న: ఓపెన్ కాల్ పెట్టిన ప్రతిసారీ గొడవే. పోయినసారి కమిటీ మెంబరు బంధువు బొమ్మ తీసుకోలేదని ఇద్దరు రాజీనామా చేశారు. అసలు ఎంపికే లేకుండా వచ్చినవన్నీ పెట్టేస్తే పోదా?
– విసిగిపోయిన వాలంటీర్

జవాబు: ఈ గొడవకి చాలా వయసుందండి. 1863లో పారిస్‌లో ప్రభుత్వం నడిపే సలోన్ అనే పెద్ద ఎగ్జిబిషన్‌కి వచ్చినవాటిలో, ఎంపిక చేసే జ్యూరీ సగానికి పైగా తిప్పి పంపేసింది, ఆర్టిస్టుల గోల చక్రవర్తి మూడో నెపోలియన్ దాకా వెళ్లింది, అయితే తిప్పికొట్టినవి కూడా పక్కనే పెట్టండి, జనమే చూసుకుంటారు అన్నాడాయన. దాన్నే సలోన్ దె రిఫ్యూజే అంటారు, అంటే తిప్పి పంపినవాళ్ల సలోన్. చిత్రకారుడు మానే గీసిన 'గడ్డి మీద భోజనం' అందులోనే వేలాడింది. చూసి జనం నవ్వారు, ఇప్పుడది కళాచరిత్ర పుస్తకాలన్నిట్లో ఉంది. జ్యూరీ తప్పు చెయ్యదని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

అలాగని ఎంపికే తీసేయకండి. రెండూ ఉంచండి, కానీ కలపకండి. సభ్యుల షోలో సభ్యత్వం కట్టిన ఎవరిదైనా పెట్టాల్సిందే, వంక పెట్టకూడదు. ఓపెన్ కాల్‌లో మాత్రం ఎంపిక గట్టిగా ఉండాలి, జ్యూరీలో మీ కమిటీ మనుషులు ఒక్కరు కూడా ఉండకూడదు. బయటి నుంచి ముగ్గుర్ని పిలవండి, వాళ్ల టైముకి ఎంతో కొంత ఇవ్వండి, బొమ్మలు పేర్లు లేకుండా నంబర్లతో చూపించండి. ఆ ముగ్గురి పేర్లూ ప్రకటనలోనే ముందే వెయ్యండి. తీసుకోనివాళ్లకి రాసే ఉత్తరం కూడా ముద్రించిన నాలుగు ముక్కలు కాకుండా, మనిషి మనిషికి రాసినట్టుండాలి, వచ్చే సభ్యుల షో తేదీ అందులో పెట్టి పంపండి. రాజీనామా చేసిన ఇద్దర్నీ వెళ్లి పలకరించండి కూడా, పనిచేసే చేతులు ఊరికే దొరకవు.

ఇంకోటి, ఓపెన్ కాల్ ఎంట్రీ ఫీజు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలనిపించింది. తీసుకోని వాళ్ల ఫీజుతో తీసుకున్న వాళ్ల షో జరుగుతుంది చాలాచోట్ల, అది నాకు న్యాయంగా అనిపించదు. వీలైతే ఎత్తేయండి.

ప్రశ్న: మాకు ఏటా వేలమే ఆధారం. ఆర్టిస్టులు తలా ఒక బొమ్మ ఉచితంగా ఇస్తారు, వేలంలో వచ్చిందంతా గ్యాలరీకే. కానీ రెండు మూడేళ్లుగా మంచి ఆర్టిస్టులు ఇవ్వడం మానేశారు, ఇచ్చేవాళ్లు కూడా ఎప్పటివో అమ్ముడుపోనివి ఇస్తున్నారు, రేట్లు పడిపోతున్నాయి. ఆర్టిస్టుల్లో మళ్లీ ఉత్సాహం ఎలా తేవాలి?
– ఒక ట్రెజరర్

జవాబు: ఉత్సాహం పోయింది వాళ్లలో కాదండీ, వాళ్లు అలిసిపోయారు. మీరొక్కరే కాదు, ఆసుపత్రి నిధికీ, బడి నిధికీ, వరద నిధికీ అందరూ వచ్చి అడిగేది ఆ ఇరవై మందినే. ఊళ్లో డాక్టర్లందర్నీ లాయర్లందర్నీ వదిలేసి, సంపాదన నిలకడగా లేనివాళ్లనే వెతికి పట్టుకుని మరీ ఉచితంగా ఇవ్వమంటాం, ఇదెక్కడి పద్ధతో ఆలోచించండి. పైగా వేలంలో వాళ్ల బొమ్మ మామూలు రేటులో మూడో వంతుకి పోతే, పోయిన నెలే పూర్తి రేటు పెట్టి కొనుక్కున్న మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు. ఆ ఆర్టిస్టుకి పోయేది ఒక్క బొమ్మ కాదు, రేటు పోతుంది. కొన్ని దేశాల్లో పన్ను మినహాయింపు కూడా దక్కదు, అమెరికాలో అయితే ఆర్టిస్టు తన బొమ్మ తనే దానం చేస్తే రంగులకీ క్యాన్వాసుకీ అయిన ఖర్చు వరకే చూపించుకోగలరు, అదే బొమ్మ కొనుక్కున్నవాళ్లు దానం చేస్తే లెక్క వేరు.

కాబట్టి వేలం మానక్కర్లేదు గానీ మార్చండి. ఏటా కాకుండా ఏడాది విడిచి ఏడాది పెట్టండి. వచ్చిందాంట్లో సగం ఆర్టిస్టుది, కావాలంటే వాళ్లే తగ్గించుకుంటారు, ఆ మాట వాళ్ల నోటి నుంచి రావాలి. ఇంతకంటే తక్కువకి అమ్మం అని ఒక రేటు ముందే ఆర్టిస్టు చేత రాయించుకోండి, అది రాకపోతే బొమ్మ వెనక్కి ఇచ్చెయ్యండి, వెనక్కి పోవడం అవమానం కాదు, సగం రేటుకి పోవడం అవమానం. వేలం అయిన రెండు వారాల్లోపు వాళ్ల వాటా వాళ్ల చేతిలో పడాలి. ఇంత చేసి చూడండి, రెండేళ్లలో మంచి బొమ్మలు వాటంతటవే వస్తాయి.

మధ్య ఏడాదిలో చిన్న బొమ్మల షో పెట్టుకోండి. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ వాళ్లు 1994 నుంచి ఒక పద్ధతి నడిపారు, అన్నీ పోస్టుకార్డు సైజే, అన్నిటికీ ఒకటే ధర, సంతకం వెనక వైపు ఉంటుంది, కొన్నాకే తెలుస్తుంది అది పేరున్న ఆర్టిస్టుదా చదువుకుంటున్న కుర్రాడిదా అని. ఆ డబ్బు విద్యార్థుల కోసం. ఇందులో నాకు నచ్చేదేంటంటే ఆర్టిస్టుకి ఒక పూట పని, మార్కెట్ రేటు చెడదు, అంతకుముందు ఎప్పుడూ బొమ్మ కొనని మనిషి కూడా ధైర్యంగా ఒకటి కొనుక్కుంటాడు, కొనేముందు పేరు చూడ్డం కుదరదు కాబట్టి బొమ్మనే చూస్తాడు.

కానీ అసలు విషయం వేలం కాదు. మీ గ్యాలరీకి డబ్బు ఆర్టిస్టుల దగ్గర్నుంచి రాకూడదు, చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర్నుంచి రావాలి. ఆర్టిస్టులే జేబులోంచి పెట్టుకుని నడిపితే ఏమవుతుందో 1874లోనే తెలిసింది. మోనే, రెన్వార్, పిస్సారో, డెగా, బెర్త్ మోరిసో వీళ్లంతా కలిసి సహకార సంఘం పెట్టుకుని, పారిస్‌లో నాదార్ ఫోటో స్టూడియోలో నెల రోజులు సొంతంగా ఎగ్జిబిషన్ వేశారు, టికెట్ ఒక ఫ్రాంకు, దాదాపు 3500 మంది వచ్చారు, ఇవాళ మనం ఇంప్రెషనిజం అంటున్నది అక్కడే మొదలైంది. డిసెంబరుకల్లా లెక్కలు చూసుకుంటే ఒక్కో సభ్యుడూ 184 ఫ్రాంకుల 50 సెంటీమ్‌లు బాకీ తేలారు, సంఘం మూసేశారు. అంత గొప్పవాళ్లే తమ చందాలతో గట్టెక్కలేకపోయారు.

ఇప్పుడు చూసేవాళ్ల సంగతి. ఇద్దరు ముగ్గురు పెద్ద దాతల కోసం ఏడాదంతా తిరిగే బదులు, చిన్న మొత్తం నెలనెలా ఇచ్చే రెండొందల మందిని పోగేసుకోండి. 1885లో న్యూయార్క్‌లో స్వేచ్ఛా విగ్రహం వచ్చి కూర్చోవాల్సిన దిమ్మెకి డబ్బు చాలకపోతే, జోసెఫ్ పులిట్జర్ తన పేపర్లో పిలుపిచ్చి ఎంత చిన్న మొత్తం ఇచ్చినా వాళ్ల పేరు వేస్తానన్నాడు. ఐదు నెలల్లో లక్ష డాలర్లు దాటింది, ఇచ్చిన లక్ష మందికి పైగా మనుషుల్లో ఎక్కువమంది డాలరు కంటే తక్కువిచ్చినవాళ్లే. పేరు కనపడ్డం, ఎందుకిస్తున్నామో తెలియడం, ఈ రెండూ ఉంటే జనం ఇస్తారు. మీరు కూడా గ్యాలరీ అభివృద్ధికి అని అడక్కండి, ఆ మాటకి అర్థం ఎవరికీ తెలీదు, తూర్పు గోడ లైట్లు మార్చడానికి అని అడగండి. అలా అడిగి తీసుకున్నాక ఆ డబ్బు లైట్లకే పెట్టాలి, కరెంటు బిల్లుకి వాడేసుకుని తర్వాత సర్దుదాం అనకండి. ఇచ్చినవాళ్లు వచ్చి చూస్తారు, చూడాలి కూడా.

డబ్బే అడగాలని కూడా లేదు. 1939లో పికాసో గీసిన 'గెర్నికా' బొమ్మ లండన్ వైట్‌చాపెల్ గ్యాలరీకి వచ్చినప్పుడు, స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడుతున్నవాళ్ల కోసం ఒక జత బూట్లు తెచ్చివ్వండి అని అడిగారు, ఆ బూట్లు బొమ్మ ముందు వరసగా పెట్టారు. కూలిపని చేసుకునే పేట అది. అక్కడివాళ్లు తెచ్చారు.

ప్రశ్న: నేను గీసిన బొమ్మ గ్యాలరీ వాళ్ల షోలో అమ్ముడైంది, నాలుగు నెలలైంది, నా డబ్బు ఇంతవరకూ ఇవ్వలేదు. అడిగితే ఆ డబ్బుతో గ్యాలరీ అద్దె కట్టేశాం, వచ్చే షోలో వచ్చినదాంట్లోంచి ఇస్తాం అంటున్నారు. మంచివాళ్లే, గట్టిగా అడగలేకపోతున్నా.
– ఒక చిత్రకారిణి

జవాబు: గట్టిగా అడగండమ్మా. వాళ్లు మంచివాళ్లే కావచ్చు, కానీ వాళ్లు అద్దె కట్టింది మీ డబ్బుతో. కమీషన్ వరకే గ్యాలరీది, మిగతాది ఒక్క రోజు కూడా వాళ్లది కాదు, వాళ్ల చేతి మీదుగా మీకు రావాల్సింది. న్యూయార్క్ రాష్ట్రంలో అయితే అమ్మకానికి ఇచ్చిన బొమ్మనీ, అమ్మగా వచ్చిన డబ్బునీ గ్యాలరీ ఆర్టిస్టు తరఫున కాపాడుతున్న సొత్తుగా లెక్కగట్టే చట్టం 1960ల నుంచీ ఉంది. మీరుండే చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, ఇచ్చినప్పుడు రాసుకున్న కాగితం ఉంటే తీసి, ఫలానా తేదీలోగా ఇంత రావాలి అని రాతపూర్వకంగా పంపండి. కాగితం లేకపోతే ఫోన్లో వచ్చిన మెసేజీలే దాచండి. రెండో ఉత్తరం ప్రెసిడెంటుతో పాటు కమిటీ అందరికీ వెళ్లాలి, చాలాసార్లు ట్రెజరర్ తప్ప మిగతావాళ్లకి సంగతే తెలియదు.

ఇది చదువుతున్న గ్యాలరీ వాళ్లకి ఒక మాట. ఆర్టిస్టుల అమ్మకం డబ్బుకి బ్యాంకులో వేరే ఖాతా తెరవండి. నెల రోజుల్లోపు ఇచ్చెయ్యండి. అద్దె కట్టలేకపోతే ఆ సంగతి సభ్యులకి చెప్పి అడగండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు, ఆర్టిస్టుకి చెప్పకుండా వాళ్ల డబ్బు వాడేసుకోవడమే సిగ్గుచేటు. ఒక్కరికి ఇలా జరిగిందంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది, ఎందుకో ఎవరూ మొహం మీద చెప్పకుండానే బొమ్మలు రావడం ఆగిపోతుంది.

ప్రశ్న: కిటికీ పక్క గోడ మాకు చాలా అందమైన గోడ, అక్కడ వాటర్ కలర్స్ పెట్టాం. వెలిసిపోతాయేమో అని ఒకాయన అన్నారు. నిజమేనా? అద్దం ఉంది కదా?
– ఇద్దరు వాలంటీర్లు

జవాబు: నిజమేనండి, ఇవాళే మార్చండి. కాగితం మీద పని, వాటర్ కలర్స్, బట్ట, పాత ఫోటోలు, వీటి మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దాటకూడదని మ్యూజియంల వాళ్లు పాటించే లెక్క. ఆయిల్ పెయింటింగులకి 150 నుంచి 200 దాకా పర్వాలేదు. ఎండ పడే కిటికీ దగ్గర వేలల్లో ఉంటుంది. అతినీలలోహిత కిరణాల్ని ఆపే యూవీ అద్దం అయితే కొంత కాపాడుతుంది గానీ మామూలు వెలుతురు కూడా రంగుని తింటుంది, అలా పోయిన రంగు ఇంక రాదు, చీకట్లో పెట్టినా కోలుకోదు. ఆ గోడకి మట్టి బొమ్మలు, రాయి, లోహం లాంటివి పెట్టుకోండి.

వేలాడదీసే ఎత్తు గురించి కూడా ఒక మాట, బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల మధ్య ఉంటే చాలామందికి కళ్లెదురుగా వస్తుంది. పిల్లల షోకి మాత్రం బాగా దించండి, ఎవరి బొమ్మలో వాళ్లకి కనపడాలిగా.

ప్రశ్న: మా వర్క్‌షాపులు నిండిపోతున్నాయి, అందరూ వచ్చి రెండు గంటలు రంగులేసుకుని వెళ్లిపోతారు, పక్క హాల్లో ఎగ్జిబిషన్ ఉందని కూడా చూడరు. ప్రోగ్రాములు బాగున్నట్టా బాగాలేనట్టా?
– ప్రోగ్రాములు చూసుకునే ఒకావిడ

జవాబు: జనం వస్తున్నారంటే సగం పని అయినట్టే, బాధపడకండి. వచ్చినవాళ్లని బొమ్మ ముందు నిలబెట్టడం మిగిలింది. నిజానికి చూడ్డానికే వచ్చినవాళ్లు కూడా ఎక్కువసేపు చూడరు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో గొప్ప గొప్ప బొమ్మల ముందు జనం ఎంతసేపు ఉంటున్నారో లెక్కేసి 2001లో అచ్చువేశారు, సగటున 27 సెకన్లు, సగం మంది 17 సెకన్లలోపే కదిలిపోయారు.

వర్క్‌షాపు బల్లలు హాల్లోకే తెచ్చెయ్యండి, తడి రంగులు వద్దు, పెన్సిళ్లూ క్రేయాన్లూ చాలు. మొదటి ఇరవై నిమిషాలు ఏదో ఒక్క బొమ్మ ముందు అందర్నీ కింద కూర్చోబెట్టండి. లెక్చర్ ఇవ్వకండి. అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ అని ఇద్దరు ఒక పద్ధతి తయారుచేశారు, మూడే ప్రశ్నలు: ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకా ఏం కనిపిస్తోంది? అంతే. ఎవరేమన్నా తప్పనకూడదు, అన్నది ఇంకోసారి మన మాటల్లో చెప్పి వేలితో బొమ్మలో చూపించాలి. చదువుకోని పెద్దవాళ్లు ఇందులో మాట్లాడినంత బాగా ఇంకెవరూ మాట్లాడరు, ఎందుకంటే వాళ్లు ఆర్ట్ గురించి మాట్లాడరు, పొలం ఎండిందా తడిసిందా, ఆ మనిషి భుజాలు ఎందుకలా వంగాయి, అది మాట్లాడతారు. రెండో ప్రశ్నే అసలు ప్రశ్న, దాన్ని మాత్రం మర్చిపోకండి.

ఆర్టిస్టుని పిలిచి మాట్లాడించేటప్పుడు కూడా స్టేజీ, మైకూ వద్దు, సగంలో వదిలేసిన బొమ్మలూ వాడే కుంచెలూ తెమ్మనండి, చాలు, మాటలు వాటంతటవే వస్తాయి. వచ్చిన రోజుకి ఆర్టిస్టుకి ఎంతో కొంత ఇవ్వడం మర్చిపోకండి.

టైములు కూడా ఒకసారి చూసుకోండి. పదింటి నుంచి ఐదింటి దాకా తెరిచి ఉంచి, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు రావట్లేదంటే ఎలా వస్తారు? ఇందాక చెప్పిన 1874 ఎగ్జిబిషన్ రాత్రి ఎనిమిది నుంచి పది దాకా కూడా తెరిచే ఉంచారు. వారంలో ఒక సాయంత్రం, ఆదివారం మధ్యాహ్నం తెరవండి, బదులుగా మంగళవారం మూసేసుకోండి.

ప్రశ్న: ఎంట్రీ టికెట్ పెట్టాలా వద్దా?
– పేరు రాయలేదు

జవాబు: వద్దు. గుమ్మం దగ్గర హుండీ పెట్టండి, పక్కన నవ్వుతూ పలకరించే మనిషిని కూర్చోబెట్టండి. టికెట్‌కి వచ్చేది టికెట్ చింపేవాళ్ల జీతానికే సరిపోతుంది, వచ్చే మనిషి మాత్రం గుమ్మం దగ్గరే ఆలోచనలో పడతాడు.

ప్రశ్న: ఏడాది రిపోర్టు రాయాలి. దాతలకి పంపేది. ఎంతమంది వచ్చారు, ఎన్ని షోలు అని రాసేస్తే చాలా? ఇంకేం ఉండాలి?
– కొత్తగా చేరిన కోఆర్డినేటర్

జవాబు: అవి ఉండాలి గానీ మొదటి పేజీలో ఇంకోటి ఉండాలి: ఈ ఏడాది ఆర్టిస్టుల చేతికి మొత్తం ఎంత వెళ్లింది. అమ్మకాల మీద ఎంత, మాట్లాడినందుకూ నేర్పినందుకూ ఎంత, వేలంలో వాటా ఎంత. ఎంతమందికి, అందులో మొదటిసారి అమ్ముకున్నవాళ్లెందరు. దాతలకి మీ గ్యాలరీ దేనికుందో ఆ అంకె చెప్పినంతగా ఫోటోలు చెప్పవు.

ఫండ్‌రైజింగ్ రాసేటప్పుడు వచ్చింది ఒక్కటే రాయకండి, ఖర్చు కూడా పక్కనే రాయండి. సాయంత్రం విందు పెట్టి పది రూపాయలు వచ్చాయని రాసి అందులో ఏడు హాలుకీ వంటకీ పోయిన సంగతి దాస్తే వచ్చే ఏడాది అదే విందు మళ్లీ పెడతారు. వాలంటీర్ల గంటలు కూడా వెయ్యండి, అప్పుడు ఏ ప్రోగ్రాం మనుషుల్ని అరగదీస్తోందో కమిటీకి కనపడుతుంది. బాగా జరగని షో గురించి నాలుగు ముక్కలు నిజం రాయండి, ఎందుకు జనం రాలేదని మీరనుకుంటున్నారో రాయండి. ఒక్క దాత మీదే సగానికి పైగా ఆధారపడి ఉంటే ఆ సంగతీ రాయండి, అది చదివి ఇంకో పదిమంది ముందుకి రావచ్చు.

అచ్చుకి ఇచ్చే ముందు అందులో పేర్లున్న ఆర్టిస్టులందరికీ ఒకసారి చూపించండి, పేర్ల స్పెల్లింగు తప్పులు, ఎవరి బొమ్మ కింద ఎవరి పేరు పడిందో వాళ్లే పట్టుకుంటారు. వారం టైమివ్వండి.